ఏటికి ఇవతలి గట్టు

1944 జూలై 30, ఆదివారం

ఏటి గట్టు మీది ఇళ్ళన్నీ ఖాళీ చెయ్యాలని జర్మన్లు గోడల మీద కాగితాలు అంటించారు. ఫ్లోరెన్స్‌లో ఇన్ని తోపుడుబళ్ళు ఉన్నాయని నాకు ఇవాళే తెలిసింది. పరుపులు, పంజరాల్లో పిట్టలు, కుర్చీలతో సహా మోసుకొస్తున్న ముసలివాళ్ళు. దక్షిణాన ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులు పొద్దుటినుంచీ ఉరుముతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం తలుపు తీస్తే ఫోస్కా. నెత్తిన పరుపు, చంకలో బట్టలుతికే చెక్కపలక. ఆర్నో ఏటి ఒడ్డున పదిమంది దుప్పట్లు ఉతికి బతికే మనిషి. ఆమె కాన్పులన్నీ నా చేతిమీదుగానే జరిగాయి. ఆ పిల్లలు ఎదిగి ఎక్కడెక్కడో ఉన్నారు.

"పరుపంటే సరే, పలక ఎందుకే?" అన్నాను.

"ఇల్లు వదలమన్నారు గాని పని వదలమన్నారా? సైకిళ్ళు పట్టుకుపోయారు, గుర్రాలు పట్టుకుపోయారు. మడతపెట్టడానికి వీలైతే ఏటిని కూడా పట్టుకుపోయేవాళ్ళు, దొంగ వెధవలు."

మంచం మీద మా ఆయన ఆల్వారో వైపు ఖాళీగానే ఉందిగా, అక్కడ పడుకుంటానంది. వద్దని వంటింట్లో పరిచాను. ఆల్వారో ఏ రోజైనా రావచ్చు. ట్రాము డిపోలో సమ్మె చేసినందుకు మార్చిలో తీసుకుపోయారు. జర్మనీలో ఏదో ఫ్యాక్టరీలో పెట్టారట. చేతిలో పనితనం ఉన్నవాడు. అలాంటివాళ్ళకు ఎక్కడైనా తిండి పెడతారు.

ఆగస్టు 3, గురువారం

ఇవాళ్టినుంచి ఎవరూ వీధిలోకి రాకూడదు. కిటికీ తెరిచినా కాలుస్తామన్నారు. మూతపెట్టిన గిన్నెలో కూరగాయల్లా ఉడుకుతున్నాం.

మెట్లెక్కి పై అంతస్తు ఇనెస్‌ను చూసి వచ్చాను. నెలలు నిండాయి. బిడ్డ తల కిందికి తిరిగింది. ఆమె మొగుడు తుల్లియో సంగతి నేను అడగలేదు. తనే చెప్పింది, ఎప్పటిలాగే మర్యాదగా "సోరా" అంటూ.

"వాళ్ళ దళంతో ఉత్తరాదికి వెళ్ళిపోయాడు, సోరా ఎర్సీలియా. పోయిన వారమే."

నేను పొట్ట మీద చెవి ఆనించి వింటున్నాను. బిడ్డ గుండె నింపాదిగా కొట్టుకుంటోంది. తల్లి గుండే పరుగు పెడుతోంది.

తుల్లియో ఫాసిస్టుల నల్లచొక్కా తొడగక ముందు గుమాస్తా. మెట్ల మీద ఎదురైతే నా సంచి అందుకుని పైదాకా తెచ్చిపెట్టేవాడు. మార్చిలో ఆల్వారో కోసం వచ్చినవాళ్ళు ఎవరినీ దారి అడగలేదు. మా తలుపుకు పేరు కూడా లేదు. అయినా నేరుగా వచ్చి మా తలుపే కొట్టారు. ఎవరు చూపించారో నాకు తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

ఆగస్టు 4, శుక్రవారం

రాత్రి వంతెనలు పేల్చేశారు. ఇల్లంతా ఊగింది. అద్దం ఒక్కటీ మిగల్లేదు.

పాత వంతెన ఒక్కటి వదిలి, దాని రెండు కొసల్లోనూ ఉన్న వీధులు కూల్చేశారట. ఫోస్కా ఇల్లు అందులోనే.

"అద్దె ఇల్లే కదా, ఏడిస్తే ఇంటివాడు ఏడవాలి" అంది. తర్వాత చాలాసేపు, నీళ్ళు లేవు, బట్టా లేదు, ఆ పలక మీద ఉత్త చెయ్యి రుద్దుతూ కూర్చుంది.

ఆగస్టు 5

ఏటికి అవతలి వాళ్ళకు విముక్తి వచ్చింది. ఇవతలి వాళ్ళం ఇంకా వీళ్ళ చేతుల్లోనే. మధ్య ఉన్నది ఒక ఏరు, అదీ ఎండాకాలపు ఏరు.

ఆగస్టు 6

ఆల్వారో నుంచి ఏమీ లేదు. టపా నడవడం లేదు కదా. నడిస్తే వచ్చేది.

ఆగస్టు 8, మంగళవారం

ఆడవాళ్ళు మాత్రం కాసేపు నీళ్ళకు వెళ్ళవచ్చన్నారు. తెల్లగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని గుడి పక్కన చేదబావి దగ్గర వరసలో నిలబడ్డాం. దయాసంఘం వాళ్ళు నల్ల ముసుగులు వేసుకుని బండి తోసుకుంటూ వెళ్ళారు. బండి మీద ఏముందో అందరికీ తెలుసు. ఎవరూ అటు చూడలేదు. శ్మశానాలన్నీ ఊరి బయట, జర్మన్ల కాపలా అవతలే ఉన్నాయి. వైద్యమొక్కల తోటలో పూడుస్తున్నారట.

సాయంత్రం ఇనెస్ గిన్నె పట్టుకొచ్చింది. ఇంకొంచెం రొట్టె, ఇంకొంచెం నీళ్ళు ఉంటే పెట్టమంది. పొద్దున ఆమెకు ఇచ్చిందే నాకూ ఫోస్కాకూ కలిపి సరిపోయేంత. అయినా ఇచ్చాను. నిండు చూలాలు ఇద్దరి తిండి తింటుంది.

ఆమె వెళ్ళాక ఫోస్కా పైకి చూసింది.

"మీ కప్పు మీద పిల్లి ఉందా?"

"పెంకులే. ఎండకి కదులుతాయి."

"మీ పెంకులు బూట్లు తొడుక్కుంటాయే, ఎర్సీలియా."

ఫోస్కా గొంతు తగ్గించింది. "సరేలే. ఆ పిల్ల కడుపులోది భూమ్మీద పడనీ. తర్వాత నీ పెంకుల సంగతి చూసుకుందాం."

ఎండకి పెంకులు కదలడం మామూలే. ఆల్వారో కూడా అనేవాడు.

ఆగస్టు 11, శుక్రవారం

గంట మోగింది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇన్నాళ్ళుగా నోరుమూసుకుని ఉన్న పాత దర్బారు గంట. తర్వాత ఒక్కొక్క గుడీ అందుకుంది. జర్మన్లు రైలు పట్టాల అవతలికి జరిగిపోయారు. గంట మోగితే వీధుల్లోకి రావాలని ముందే చెప్పుకున్నారట, జర్మన్లతో పోరాడే మనవాళ్ళు. కొందరు ఇళ్ళలోంచి వచ్చారు, కొందరు ఏటి అడ్డుకట్ట మీదుగా మోకాలి లోతు నీళ్ళలో దాటి వచ్చారు. మెళ్ళో ఎర్ర గుడ్డలు, చేతుల్లో రకరకాల తుపాకులు, ఒకడి కాళ్ళకు అసలు చెప్పులే లేవు.

వాళ్ళ నాయకుడు మా వీధి మలుపులో నన్ను చూసి ఆగాడు. బ్రునెత్తో. అవతలి గట్టు పేటలో గోడలకు సున్నం పూసేవాడు. గడ్డం నెరిసింది.

"సోరా ఎర్సీలియా, గుర్తున్నానా? మా కవలల కాన్పు మీరే చేశారు."

"గుర్తులేకేం. బిడ్డలు బయటికి వచ్చేలోపు రెండుసార్లు మూర్ఛపోయింది నువ్వే."

చుట్టూ ఉన్న కుర్రాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఫోస్కా పోయి అతని బుగ్గ మీద ముద్దు పెట్టి, "చొక్కా విప్పి ఇటివ్వు, నీ కంపుకే జర్మన్లు పారిపోయి ఉంటారు" అంది.

మధ్యాహ్నంనుంచి కప్పుల మీదినుంచి తుపాకులు మొదలయ్యాయి. జర్మన్లు కాదు. వాళ్ళు వదిలిపోయిన నల్లచొక్కాలు. అటకల్లో దాక్కుని వీధిలో నడిచేవాళ్ళను కొడుతున్నారు. ఎవరని లేదు, ఎవరైనా సరే.

మా వీధిలో ఎవరూ లేరు. మా వీధి నిమ్మళంగానే ఉంది.

ఆగస్టు 12, శనివారం

ఫోస్కా చనిపోయింది.

చేదబావి దగ్గర. నా ముందు నిలబడి ఉంది. సీసా నింపుకుని ఇటు తిరిగింది. బావి దగ్గర తోపులాట చూసి ఏదో వెక్కిరింపు మాట అనబోయింది, పెదవి వంకర తిరగడం చూశాను. చప్పుడు తర్వాత వినిపించింది. రాళ్ళ మీద నా ఒళ్ళోనే పడింది. మెడ కింద చెయ్యి అదిమి పట్టాను. ఎన్ని నెత్తుర్లు ఆపిన చెయ్యి ఇది, దీన్ని ఆపలేకపోయింది.

"నీళ్ళు ఒలికిపోతున్నాయే" అంది. అంతే.

గుండు ఎటునుంచి వచ్చిందో తెలియలేదు.

ఆగస్టు 13, ఆదివారం

తెలిసింది. నిన్ననే తెలిసింది. తలెత్తి చూశాను, మా కప్పు కిటికీలో పొగ. చూసీ రాయలేదు.

ఫోస్కాను నా దుప్పట్లో చుట్టి ముసుగుల వాళ్ళ బండి మీద వైద్యమొక్కల తోటకు తీసుకెళ్ళాం. అక్కడ వరసలు వరసలు. పేరు రాసిన కర్రముక్క గుచ్చాను.

తిరిగి వస్తుంటే ఏరు దాటిన పటాలం ఎదురైంది. హిందూ దేశంవాళ్ళట, తలపాగాలు, కంచరగాడిదల మీద నీళ్ళ పీపాలు. ఒకాయన నా గౌను నిండా ఎండిన నెత్తురు చూసి ఏమీ అడగకుండా పీపా వంచి నా చేతుల మీద నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు తాగాలో చేతులు కడుక్కోవాలో తెలియలేదు. కడుక్కున్నాను.

రేపు బ్రునెత్తో దగ్గరికి వెళ్తాను.

ఆగస్టు 14, సోమవారం

అంతా రాస్తాను. ఏదీ వదలను.

తెల్లవారుతుండగా ఇనెస్ పైనుంచి నేల తట్టింది. ఉమ్మనీరు పోయింది. నొప్పులు దూరం దూరంగా ఉన్నాయి. తొలిచూలు, సాయంత్రం దాకా పడుతుంది. ఆమెను గోడవైపు పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, బడిలో దిగి ఉన్న బ్రునెత్తో దగ్గరికి వెళ్ళాను.

"బావి దగ్గర ఫోస్కాను కొట్టినవాడు మా కప్పు మీద ఉన్నాడు. తుల్లియో."

అతను ఆశ్చర్యపోలేదు. "ఎదురింటినుంచి చూస్తున్నాం. ఏ కప్పో తేల్చుకోలేక ఆగాం. చెప్పారుగా, చాలు. కప్పు కిటికీలోంచి రెండు బాంబులు లోపలికి వేస్తే అయిపోతుంది."

"ఆ కిటికీ కిందే ఇనెస్ మంచం. నొప్పులు పడుతోంది."

"కిందికి దింపండి."

"ఉమ్మనీరు పోయింది. ఆ మెట్ల మీద దింపితే ఎవరు మిగులుతారో నేను చెప్పలేను."

అతను గోడకు ఆనుకున్నాడు. "సోరా, మీరు బిడ్డ కోసం అడుగుతున్నారు. సాయంత్రంలోగా వాడు ఇంకెవర్నో కొడితే? వాళ్ళూ ఒకప్పుడు బిడ్డలే కదా."

"నాకు చెబుతావా ఆ సంగతి? నిన్న పూడ్చి వచ్చాను." నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "బావి మూయించు. వీధికి రెండువైపులా మనుషుల్ని పెట్టి ఎవర్నీ రానివ్వకు. పటాలం వాళ్ళ పీపాలు వెనక సందులోంచి తెప్పించు. కొట్టడానికి మనిషి కనిపించకపోతే వాడు ఎవర్ని కొడతాడు? బిడ్డ పుట్టాక వాడిని నేను దింపుతాను."

"దిగకపోతే?"

"తల్లినీ బిడ్డనూ కిందికి మోసుకొచ్చి, నీకు కబురు పెడతాను. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఇంట్లో మేం కాల్చం" అన్నాడు చివరికి. "అంతవరకే చెప్పగలను."

"అంతవరకే అడుగుతున్నాను."

మళ్ళీ మెట్లెక్కాను. ఇనెస్ నా ముఖం చూసి తెలుసుకుంది.

"చెప్పేశారా?"

"చెప్పాను. ఇప్పుడు ఊపిరి పీల్చు. వదులు. మళ్ళీ పీల్చు."

ఏడ్చింది, నన్ను తిట్టింది, నా చెయ్యి వదల్లేదు. "నేను వద్దన్నాను సోరా. మడోన్నా సాక్షి, కాల్చొద్దని కాళ్ళు పట్టుకున్నాను. ఎక్కడికీ పోలేక పైకెక్కాడు. వాళ్ళవాళ్ళే వదిలేసి పోయారు."

"తర్వాత చెప్పు. ఇప్పుడు ఆ మాటలకు ఊపిరి ఖర్చు చెయ్యకు."

మధ్యాహ్నం దాటాక నొప్పులు ముదిరాయి. ఆమె కేక పెట్టినప్పుడల్లా పైన పెంకులు కదిలేవి. పెంకులు కాదు. మోకాళ్ళు. ఒకసారి పైనుంచి గొంతు వచ్చింది, బొంగురుగా. "ఇనెస్. ఇనెస్."

"నోరు ముయ్యి" అని నేనూ పైకి అరిచాను. "నీ పని తొమ్మిది నెలల కిందటే అయిపోయింది. ఇప్పుడు ఆమె పని."

అంత నొప్పిలోనూ ఇనెస్ నవ్విందో ఏడ్చిందో. ఆ నవ్వుతోనే తల బయటపడింది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. వేలు దూర్చి తప్పించాను. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు తట్టాను. నోట్లో వేలుపెట్టి జిగురు తీశాను. మళ్ళీ తట్టాను. కప్పు మీద పెంకు కదల్లేదు. ఇన్నేళ్ళ పనిలో నేను దేవుణ్ణి ఏమీ అడగను. చేతుల పని చేతులు చెయ్యాలి. ఇవాళ అడిగాను.

ఏడ్చింది.

పైన మగమనిషి వెక్కిళ్ళు వినిపించాయి.

బొడ్డు కోశాను. మాయ పడింది, మొత్తంగానే పడింది. తల్లి గుండెల మీద బిడ్డను పెట్టి, నిచ్చెన వేసుకుని కప్పు కిటికీ తోశాను.

తుల్లియో పొగగొట్టానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఎండకి ముఖం పొక్కులు పొక్కులుగా లేచింది. పెదాలు చీలిపోయాయి. తుపాకి ఒళ్ళో అడ్డంగా ఉంది. నా రొట్టె తిన్న గిన్నె పక్కనే ఉంది.

"ఆడపిల్ల" అన్నాను. "దిగు."

"దిగితే చంపేస్తారు."

"దిగకపోతే ఇక్కడే చంపుతారు. బాంబులు వేస్తారు. కింద మంచం ఉంది."

"మాటివ్వండి, సోరా ఎర్సీలియా."

"ఈ ఇంట్లో ఎవరూ కాల్చరు. బిడ్డను చూస్తావు. ఆ గుమ్మం దాటాక నా మాట లేదు."

అతను చేతుల వంక చూసుకున్నాడు. నేను అడగకూడదనుకున్నాను. అడిగాను.

"ఆల్వారోను ఎవరు పట్టించారు?"

"సమ్మె చేసినవాళ్ళ పేర్లు వాళ్ళకు ముందే తెలుసు." చీలిన పెదవి తుడుచుకున్నాడు. "నేను తలుపు మాత్రమే చూపించాను."

తలుపు మాత్రమే. కప్పు అంచు దగ్గర్లోనే ఉంది. నిచ్చెన మీదినుంచి ఒక్క అడుగు, ఒక్క తోపు. అది నాకు తోచలేదని రాస్తే అబద్ధం.

"ఆ రైలు ఆస్ట్రియాకు వెళ్ళింది" అన్నాడు. "అక్కడికి వెళ్ళినవాళ్ళు..."

"తుపాకి ఇటివ్వు" అన్నాను.

చెక్కపిడి నావైపు తిప్పి ఇచ్చాడు. నిచ్చెన దిగి, తుపాకిని, బిడ్డ ఏడుపు విని వచ్చి మెట్ల మీద నిలబడ్డ బ్రునెత్తోకు అందించాను. తుల్లియో దిగాడు. బిడ్డను ముట్టుకోబోయి ఆగాడు, చేతులు మసి. గిన్నెలో కాన్పుకు కాచిన నీళ్ళు కొంచెం మిగిలాయి. అతని చేతుల మీద పోశాను. ఎందుకు పోశానో తెలియదు. పుట్టినబిడ్డను మురికి చేతులతో ముట్టుకోనివ్వను, అందుకే అయి ఉంటుంది.

వేలితో నుదురు తాకాడు. ఇనెస్ ఆ వేలు పట్టుకుని వదల్లేదు. నేనే విడదీశాను.

బ్రునెత్తో మనుషులు అతన్ని కిందికి తీసుకెళ్ళారు. విచారణకు, అన్నాడు బ్రునెత్తో. వీధి మలుపు దాకా అడుగులు వినిపించాయి. అంతలో కొండమీద ఫియెసోలె నుంచి జర్మన్ల ఫిరంగులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఏ చప్పుడు దేనిదో తెలియలేదు.

ఆగస్టు 15

మరియమాత పండుగ. తల్లికి పాలు పడ్డాయి. తుల్లియోను విచారణకు తీసుకెళ్ళారని చెప్పాను. విచారణంటే సమయం పడుతుంది.

వాడికేం తెలుసు రైళ్ళ గురించి. గుమాస్తా.

ఆగస్టు 18, శుక్రవారం

ఇవాళ పైకి ఆడవాళ్ళు వచ్చారు. ముందు రొట్టెల అంగడి జెల్సోమీనా, చేతిలో కత్తెర. వెనక చేదబావి దగ్గర నాతో వరసలో నిలబడ్డవాళ్ళే అందరూ. అన్ని పేటల్లో నల్లచొక్కాల పెళ్ళాలకు గుండు కొడుతున్నారు, వీధుల్లో తిప్పుతున్నారు. ఇనెస్ కోసం వచ్చారు.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకో ఎర్సీలియా. ఫోస్కా నీ ఇంట్లో పడుకున్న మనిషి."

"అవును. నా ఒళ్ళో పోయిన మనిషి. నీ ఒళ్ళో కాదు."

"అయితే నీకు రోషం లేదా?"

"ఉంది. ఉందో లేదో నీకు చూపించడానికి బాలింతను వీధిలోకి ఈడ్వనా? ఆమెకు ఇంకా నెత్తురు ఆగలేదు. మెట్లు దిగితే పోతుంది. అప్పుడు ఆ పసిగుడ్డుకు ఎవరు పాలిస్తారు, నువ్విస్తావా?"

వెనక ఎవరో నవ్వారు. జెల్సోమీనా పాలిచ్చే వయసు దాటి చాలా ఏళ్ళయింది. ఆమె ముఖం కందిపోయింది. "వాడికి రొట్టె పెట్టింది ఇదేగా" అంది.

"ఆ రొట్టె నా వంటింట్లోది. కత్తెర ఆడించాలని అంతగా ఉంటే నా జుట్టు కత్తిరించు. ఇదిగో." రుమాలు తీసి తల వంచాను.

ఎవరూ ముందుకు రాలేదు. నేను చెయ్యి చాపాను.

"కత్తెర ఇటివ్వు, జెల్సోమీనా. బొడ్లు కోసి కోసి నాది మొద్దుబారింది."

ఇచ్చింది. ఏమనుకుని ఇచ్చిందో, ఇచ్చింది. మంచి కత్తెర.

వాళ్ళు వెళ్ళాక ఆ కత్తెర పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాను.

ఆగస్టు 21

బిడ్డ బరువు పెరుగుతోంది. ఇనెస్ అడిగింది. విచారణ నడుస్తోందన్నాను.

ఆగస్టు 22

అడిగింది. అదే చెప్పాను.

ఆగస్టు 24, గురువారం

బ్రునెత్తో వచ్చాడు. పటాలం వాళ్ళిచ్చిన పంచదార పొట్లం తెచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"విచారణ ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

అతను నన్ను చూశాడు. "సోరా, మీరు వినలేదా ఆ రోజు?"

"ఫిరంగులు మోగుతున్నాయి."

"అవును. మోగుతున్నాయి." టోపీ తిప్పడం ఆపాడు. "గుడి వెనక గోడ దగ్గర. ముగ్గురం కూర్చుని అడిగాం. దేన్నీ కాదనలేదు. అదే విచారణ."

"కళ్ళకు గంతలు కట్టారా?"

"వద్దన్నాడు."

పంచదార పొట్లం విప్పి, మళ్ళీ కట్టాను. "ఇంట్లో కాల్చనన్నావు, కాల్చలేదు" అన్నాను. "నిన్ను తప్పుపట్టడానికి అడగలేదు."

"తప్పుపట్టినా పడతాను" అన్నాడు. "రేపు మా వాళ్ళు రైలు పట్టాల అవతలికి వెళ్తున్నారు. అక్కడ ఇంకా జర్మన్లే ఉన్నారు. మా కవలల్లో ఒకడు నాతో వస్తానంటున్నాడు. ఆపలేకపోతున్నాను."

వెళ్ళేముందు తోటలో తుల్లియోను ఎక్కడ పెట్టారో చెప్పాడు.

ఆగస్టు 25

ఇనెస్ అడిగింది. చెప్పలేదు.

ఆగస్టు 28

అడగలేదు ఇవాళ. అడగకపోవడం ఇంకా బరువుగా ఉంది.

ఆగస్టు 29, మంగళవారం

చెప్పాను.

బిడ్డకు పాలు పట్టడం అయ్యేదాకా ఆగి, బిడ్డను నా చేతుల్లోకి తీసుకుని చెప్పాను. పడిపోతుందేమోనని.

"అతన్ని పద్నాలుగో తారీఖునే కాల్చేశారు. బ్రునెత్తో మనుషులు. అతనెక్కడున్నాడో వాళ్ళకు చెప్పింది నేను. దింపింది నేను. ఇన్నాళ్ళూ విచారణని నీకు అబద్ధం చెప్పిందీ నేనే. ముందు నాకు నేను చెప్పుకున్నాను, తర్వాత నీకు."

ఇనెస్ పడిపోలేదు. గోడ వైపు చూస్తూ అడిగింది. "మళ్ళీ అయితే?"

"మళ్ళీ అయినా చెబుతాను. ఇంకా ముందే చెబుతాను. పెంకులని అనుకున్నన్ని రోజులు ఆగను. ఆగకపోతే ఫోస్కా ఉండేది."

"నన్ను అసహ్యించుకుంటున్నారా?"

"కొన్ని పూటలు. బిడ్డను ఎత్తుకున్నప్పుడు గుర్తుండదు."

ఆమె చేతులు చాపింది. బిడ్డను ఇచ్చేశాను. తలుపు దగ్గరగా వేసి వచ్చాను. లోపల ఏడుపు మొదలైంది. వెళ్ళలేదు. కొన్ని ఏడుపుల దగ్గర మంత్రసానికి పని లేదు.

ఆగస్టు 30

జర్మనీకి తీసుకుపోయినవాళ్ళ పేర్లు పురపాలక కచేరీలో రాయించమంటున్నారు. వీధి చివరిదాకా వరస. నేను వెళ్ళలేదు. రాబోయే మనిషి పేరు ఎందుకు రాయించడం.

ఆగస్టు 31, గురువారం

పొద్దున ఇనెస్ నల్ల గౌను తొడుక్కుని బిడ్డతో నా తలుపు దగ్గర నిలబడింది. తలకు రుమాలు కట్టుకోలేదు. కత్తెర పడని ఆ జుట్టుతోనే వీధిలో నడుస్తానంది. నడిచాం. రొట్టెల అంగడి ముందు జెల్సోమీనా మమ్మల్ని చూసి, ఉమ్మబోయి, బిడ్డను చూసి మింగింది.

తోట నిండా పటాలం వాళ్ళు గోతులకు తవ్విన మట్టి. మొక్కల పేర్లు రాసిన రేకులు, మనుషుల పేర్లు రాసిన కర్రలు, కలిసిపోయి ఉన్నాయి. తుల్లియోను గోడ వారన పెట్టారు. కర్ర లేదు. చూపించాను. ఆమె చూసింది గాని అటు వెళ్ళలేదు.

"ఫోస్కా ఎక్కడ?" అంది.

నాలుగు వరసల అవతల. తీసుకెళ్ళాను. ఇనెస్ ఆ కర్ర ముందు నిలబడింది. ప్రార్థన చేసిందో లేదో, పెదాలు కదల్లేదు. బిడ్డను కొంచెం ముందుకు ఎత్తి పట్టుకుంది, పెద్దవాళ్ళకు చూపించినట్టు. ఆ తర్వాత గోడ వారకు వెళ్ళి అక్కడా అలాగే పట్టుకుంది.

ఫియెసోలె వైపునుంచి ఫిరంగి మోగింది. గుండు ఎక్కడో దూరంగా, స్టేషను వైపు పడింది. ఈమధ్య దూరం దూరంగా పడుతున్నాయి. వాళ్ళు కొండ దిగి వెళ్ళిపోతున్నారని అందరూ అంటున్నారు. ఆ చప్పుడుకు బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. ఇనెస్ కంగారుపడలేదు. రెండు సమాధులకూ మధ్య, తవ్విపోసిన మట్టిగడ్డ మీద కూర్చుని, గౌను గుండీలు విప్పి పాలు పట్టింది. బిడ్డ గుటకలు నాకు వినిపిస్తున్నాయి. గట్టి పిల్ల. బతుకుతుంది.

ఎండ ముదిరింది. అక్కడ ఒక్క చెట్టు నీడా లేదు. నేను ముందుకు జరిగి, సూర్యుడికి వీపు పెట్టి, వాళ్ళిద్దరి మీదా నీడ పడేలా నిలబడ్డాను. పాలు తాగడం పూర్తయ్యేదాకా.